ఉక్కపోతలో ఎర్ర పట్టుచీర

మే నెలలో రాజమండ్రి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. పెట్టె సగం ఖాళీగా తీసుకెళ్ళండి. ఇంటి దగ్గర ఇస్త్రీ చేసి సర్దుకున్న బట్టల్లో సగం అక్కడ ఒంటిమీద నిలవవు. అక్కడ కొన్నవి పెట్టుకోవడానికేమో చోటుండదు.

మాది మదనపల్లె. ఎండాకాలంలో కూడా పొద్దుగూకితే గాలి చల్లబడే ఊరు. అక్కడ కూర్చుని గోదావరి జిల్లాల ఉక్కపోతను ఊహించుకోవడం నాకు చేతకాలేదు. మనకు మాత్రం ఎండలు లేవా ఏమిటి అనుకున్నాను. పైగా వెళ్తున్నది పెళ్ళికి. నాకు పట్టుచీరలు, మా ఆయనకు టెరికాటన్ ప్యాంట్లు, మందపాటి షర్టులు, వాటితో పాటు మందుల సంచి.

ఆ మందుల సంచి గురించి ముందే చెప్పాలి. మొన్న చలికాలంలో మా ఆయనకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. ప్రయాణం చేయవచ్చని డాక్టరుగారు ఒప్పుకున్నారు గానీ, ఎండలో తిరగొద్దని, ఒంటికి గాలి తగిలే బట్టలు వేసుకోమని, బరువులు ఎత్తొద్దని గట్టిగా చెప్పి పంపారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మొదలు ఆయన మొహం చూస్తూ ఉండటమే నాకు పనైపోయింది. ఆఫీసులో నా గుమాస్తా ఉద్యోగం దాని తర్వాతే. ఆయన ఆవులించినా, గొంతు సవరించుకున్నా, కొంచెంసేపు మాట్లాడకుండా ఉన్నా చేతిలో పని వదిలేసి చూసేదాన్ని.

పెళ్ళి దేవదానంగారి అమ్మాయిది. ఆయనా మా ఆయనా మదనపల్లెలో చాలా ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూములో కూర్చుని పాఠాలు చెప్పినవాళ్ళు. తర్వాత ఆయన సొంతవూరు కొవ్వూరు వెళ్ళిపోయారు. "ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది నేను. పోకపోతే ఎట్లా?" అన్నారు మా ఆయన. పెట్టె సర్దాను.

రాజమండ్రి స్టేషన్లో

రైలు దిగేటప్పటికి ఇంకా పొద్దున్నే. అయినా ఏసీ పెట్టె తలుపు దాటి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే అన్నం గిన్నె మూత తీసినట్టు మొహానికి వేడి ఆవిరి కొట్టింది. ఎండ అయితే గొడుగు పట్టొచ్చు, నీడకు పోవచ్చు. ఈ ఉక్క నీడలో కూడా ఉంది. ఆటో ఎక్కేలోపు మా ఆయన షర్టు వీపుకు అతుక్కుపోయింది. పై పెదవి మీద చెమట. గుండెపోటు వచ్చిన రోజు కూడా మొదట కనిపించింది ఆ చెమటే.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"చెమట పడతా ఉంది. నీకు పట్టలేదా?"

"ఎడమ చెయ్యి?"

"చెయ్యి చేతి మాదిరే ఉండాది. ఆటో ఎక్కు."

ఆటో ఆయన వెనక్కి తిరిగి మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "ఎక్కడి నుంచండి?" అని అడిగాడు. మదనపల్లె అనగానే, "టమాటాలూరు కదండీ! మీ ఊళ్ళో వాన పడితే మా ఊళ్ళో చారు మానేస్తామండి" అని నవ్వాడు. ఆ తర్వాత మా ఆయన షర్టు పట్టుకుని చూసి, "ఇది ఇక్కడ పనికిరాదండి. తాడితోట తీసుకెళ్తాను, బట్టలు కొనుక్కోండి" అన్నాడు. లాడ్జిలో పెట్టె పెట్టి, ఇడ్లీ తిని, అదే ఆటోలో బయల్దేరాం. ఊరు చూడకముందే బట్టల కొట్టు చూసిన యాత్రికులం మేమేనేమో.

తాడితోట బట్టల కొట్లు

తాడితోటలో కొట్టు పక్కన కొట్టు, కొట్టు మీద కొట్టు. అన్నీ బట్టలే. మా ఊళ్ళో కొట్టుకు వెళ్తే ముందు "ఎంతలో చూపమంటారు?" అంటారు. ఇక్కడ ముందు కూర్చోబెట్టి, ఫ్యాను మన వైపు తిప్పి, మంచినీళ్ళు ఇచ్చి, ఎవరి పెళ్ళి, ఏ ఊరు, ఎక్కడ దిగారు అన్నీ అడిగాక గానీ బట్ట తీయరు. మా ఆయనకు ఆ మర్యాద బాగా నచ్చింది. నాకు మాత్రం ఆ ఫ్యాను గాలి కూడా వేడిగానే ఉందని బెంగ.

కొట్టాయన పెద్ద వయసువాడు, బనీను మీద పల్చటి తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. విషయం చెప్పగానే మా ఆయన ముందు మల్ కాటన్ లాల్చీలు కుప్ప పోశాడు. చేతిలో పెట్టుకుంటే అవతల అరచేతి గీతలు కనిపించాయి. ఒక్కొక్కటి నాలుగు వందలు. రెండు లాల్చీలు, రెండు పంచెలు, ఒక వదులు పైజామా తీసుకున్నాం. మా ఆయన అక్కడే లోపలికి వెళ్ళి లాల్చీ తొడుక్కుని, షర్టు చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు. ఎన్నో నెలల తర్వాత ఆయన మొహంలో పెళ్ళికి వెళ్ళే మనిషి కళ కనిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మరి అమ్మగారికండి?" అని కొట్టాయన వెనక్కి తిరిగి, పై అరలోంచి ఒక చీర తీసి నా ఒళ్ళో విప్పాడు. "ఇది కడితే ఒంటిమీద చీర ఉన్నట్టే ఉండదండి. సన్న నూలు."

నిజంగానే బరువు లేదు. కానీ తెలుపు. అంచు కూడా తెలుపే. ఒళ్ళో నిప్పు పడినట్టు పక్కకు తోసేశాను.

"తెలుపు వద్దండి."

"ఇంత పల్చటిది దీంట్లో తెలుపొక్కటేనండి వచ్చింది."

"వద్దన్నాను కదండీ."

గొంతు కొంచెం లేచింది. మా ఆయన నా వైపు తిరిగి చూశారు. నేను హైస్కూల్లో ఉండగా మా నాన్న పోయారు. కర్మ అయిన రోజున లోపలి గదిలోకి వెళ్ళిన అమ్మ తెల్లచీరలో బయటికి వచ్చింది. ఒక్క పూటలో మా అమ్మ నాకు కొత్తమనిషి అయిపోయింది. ఇప్పుడు మా వైపు కూడా అంత పట్టింపు లేదు, భర్త పోయినవాళ్ళు రంగు చీరలే కడుతున్నారు. ఆ సంగతి నా బుద్ధికి తెలుసు. ఒంటికి తెలియదు. ఆకుపచ్చది ఒకటి, నేరేడుపండు రంగుది ఒకటి నేత చీరలు తీసుకుని, త్వరగా లేచి వచ్చేశాను.

కోరుకొండ మెట్ల దగ్గర

మర్నాడు పొద్దున్నే కోరుకొండ వెళ్ళాం. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి. కింద నుంచి చూస్తేనే మెట్లు నిటారుగా ఉన్నాయి. కింద నుంచే దండం పెట్టుకుని వచ్చేయాలని లాడ్జిలోనే ఒప్పందం చేసుకున్నాం.

ఆ పూట నా అవస్థ వేరు. కొత్త ఆకుపచ్చ చీర ఉతక్కుండా కట్టుకున్నాను. గంజి దండిగా పెట్టారేమో, అట్టముక్క చుట్టుకున్నట్టుంది. చెమట తగిలేకొద్దీ గంజి మెత్తబడి జిగురైంది. మెడ దగ్గర, నడుము దగ్గర చెమటకాయలు లేచాయి. తేలిక బట్ట కొనుక్కుంటే సరిపోదని, దాన్ని ఒకసారి నీళ్ళలో జాడించి కట్టుకోవాలని అప్పుడు తెలిసింది. నిమ్మకాయ సోడా కొట్టు నీడలో నిలబడి నడుము గోక్కుంటూ సోడా తాగి వెనక్కి చూస్తే మా ఆయన లేరు.

మెట్ల మీద ఉన్నారు. తెల్ల లాల్చీ ఎగురుతుంటే, పిల్లాడి లాగా, అప్పటికే కొంత ఎత్తు ఎక్కేశారు.

ఆయన ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపి, నెమ్మదిగా దిగి వచ్చారు. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి అందరి ముందూ బావురుమన్నాను.

పూలమ్మే ఆవిడ బుట్ట వదిలి వచ్చింది. "ఏంటమ్మా, స్వామి దగ్గరికొచ్చి ఏడుస్తున్నారేంటి? ఏమైందండి సార్?"

"ఏం కాలేదమ్మా. నాలుగు మెట్లు ఎక్కినాను, అంతే" అన్నారాయన.

"ఎక్కితే మంచిదే కదండీ!" అని ఆవిడ నా చేతిలో మల్లెపూల దండ పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. తిరిగి వస్తూ దారిలో తాటిముంజలు తిన్నాం. చల్లగా, తియ్యగా గొంతులోకి జారిపోయాయి. వాటి రుచి కూడా నాకు సగమే తెలిసింది. రెండో సగం దృష్టి ఆయన ఊపిరి మీద ఉంది.

కొవ్వూరులో చీర పెట్టారు

మూడో రోజు వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాం. ఎండాకాలం కదా, గోదావరిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. అయినా మా ఊరి చెరువులు చూసిన కళ్ళకు అది సముద్రమే.

దేవదానంగారి భార్య రూతమ్మగారు గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకున్నారు. "రండి రండి, ఎన్నాళ్ళకండి! సార్ ఎలా ఉన్నారండి ఇప్పుడు? ముందు కాళ్ళు కడుక్కోండి, భోంచేద్దురుగాని." పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు, దాంట్లోకి చెరుకురసం మామిడిపండు. మా వైపు ఎండాకాలంలో సంగటి ముద్ద తిని మజ్జిగ తాగితే భోజనమైనట్టే. ఇక్కడ వద్దన్నకొద్దీ వడ్డిస్తారు. ఆవకాయలో నూనె చూసి నేను మా ఆయన వైపు కళ్ళెర్రజేశాను. ఆయన మామిడిటెంక చీకుతూ చూడనట్టు ఊరుకున్నారు.

భోజనాలయ్యాక రూతమ్మగారు నన్ను లోపలి గదిలోకి పిలిచి, పళ్ళెంలో పండ్లు, చీర పెట్టి నా చేతికిచ్చారు. ఇంటికి వచ్చిన ఆడమనిషికి బట్టలు పెట్టడం మా వైపూ ఉంది. కాదనడం ఎక్కడైనా తప్పే. పళ్ళెం అందుకున్నాక చూశాను. పాల నురుగంత తెల్లటి చీర. సన్నటి నేత, తెల్లటి అంచు.

"రేపు చర్చికి మా ఇంటి ఆడవాళ్ళమందరం ఇవే కడుతున్నామండి" అన్నారావిడ సంబరంగా. "మీరూ మా ఇంటి మనిషే కదండీ. మా అక్కకీ మీకూ ఒకేసారి తెప్పించాను. ఈ ఉక్కలో పట్టు కట్టలేరండి. ఇదైతే హాయిగా ఉంటుంది."

వాళ్ళ పెళ్ళికూతురు కట్టేదీ తెల్లచీరే. ఆవిడ ఎంత ప్రేమగా పెట్టారో నాకు తెలుస్తూనే ఉంది. పళ్ళెం మాత్రం ఒంటికి దూరంగా పట్టుకున్నాను. నవ్వి, చాలా బాగుందండీ అన్నాను. లాడ్జికి వచ్చాక ఆ చీరను పెట్టె అడుగున, అన్ని బట్టల కిందా పెట్టాను. అది పెట్టెలో ఉందన్న తలపే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నేనుగా కొనలేదు, నేనుగా కోరలేదు, అయినా మా ఆయన ఆరోగ్యం ఇలా ఉన్న సమయంలో నా చేతికి తెల్లచీర వచ్చింది. దానికి విరుగుడుగా ఏం చేయాలా అని పొద్దు పోయేదాకా ఆలోచించి, నా పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా ఎర్రనిది, బరువైనది, జరీ అంచు పట్టుచీర రేపటికి తీసి పెట్టుకున్నాను.

పెళ్ళి

"ఆ పల్చటి నేరేడు చీర కట్టుకోరాదా? ఉతికినావు కూడా" అన్నారు మా ఆయన పొద్దున. వినలేదు. ఎర్ర పట్టుచీర, దాని మీదికి లైనింగు వేసిన జాకెట్టు, రెండు చేతుల నిండా గాజులు, నుదుట పెద్ద బొట్టు. ఆయన లాల్చీ పంచెల్లో తేలిపోతూ నడుస్తుంటే వెనకాల నేను బండలా నడిచాను.

చర్చి మెట్ల మీద రూతమ్మగారు, వాళ్ళ అక్క, చెల్లెళ్ళు అందరూ తెల్లచీరల్లో నిలబడి ఉన్నారు. రూతమ్మగారి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. "కట్టుకోలేదేంటండి?"

"జాకెట్టు లేదండి దాని మీదికి" అనేశాను.

"అయ్యో, నిజమే కదండీ! నాకు తట్టనే లేదు" అని ఆవిడ నొచ్చుకున్నారు. తప్పు నాదైతే నొచ్చుకున్నది ఆవిడ.

లోపల మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. మా ఆయన అవతలి వరసల్లో కూర్చున్నారు. తలల మధ్యలోంచి ఆయన మొహం కనిపించే చోటు వెతుక్కుని కూర్చున్నాను. పెళ్ళికూతురు తెల్లచీరలో, తల మీద తెల్లటి ముసుగుతో నాన్న చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎంత అందంగా ఉందో! ఆ తెలుపును అలా కళ్ళారా చూడటం నాకు అదే మొదటిసారి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అంతలో కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. జనరేటరు ఎందుకో అందుకోలేదు. అందరూ పెళ్ళి కార్డులతో విసురుకుంటున్నారు. నా వీపు మీద చెమట ధారలు కట్టింది. చెవుల్లో హోరు మొదలైంది. అదంతా నేను పట్టించుకోలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే అవతలి వరసలో మా ఆయన కుడిచెయ్యి లేచి ఎడమ ఛాతీ మీదికి వెళ్ళింది.

లేచాను. బెంచీల మధ్య దారిలోకి వచ్చాను. ఆయన తల తిప్పి నన్ను చూశారు. తర్వాత నేల పైకి లేచి నా వైపు వచ్చింది.

పాస్టరుగారి ఇంట్లో

కళ్ళు తెరిచేసరికి మొదట తెలుపు కనిపించింది. నా మోకాళ్ళ మీద తెల్లటి బట్ట. భుజం మీదా అదే. నేను తెల్లచీరలో ఉన్నాను. చేతులకు గాజులు లేవు. నుదురు తడిమితే తడిగా ఉంది, బొట్టు లేదు. మెడ తడుముకోవడానికి చెయ్యి రాలేదు. చుట్టూ తెల్లచీరల ఆడవాళ్ళు, అందరి కళ్ళల్లో నీళ్ళు. ఛాతీ మీదికి వెళ్ళిన ఆయన చెయ్యి గుర్తొచ్చింది. అంతా అర్థమైపోయింది. అమ్మ వెళ్ళిన గదిలోకి నేనూ వచ్చేశాను.

"ఎప్పుడు పోయినారు?" అని అడిగాను.

రూతమ్మగారు వంగారు. "ఎవరమ్మా?"

"ఆయన."

ఒక్క క్షణం ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యో తల్లీ! సార్‌కేం కాలేదండి! వసారాలో ఉన్నారు. మీకు బట్టలు మారుస్తున్నామని మేమే బయట కూర్చోబెట్టాం. సార్! సార్! ఒకసారి లోపలికి రండి!"

ఆయన వచ్చారు. లాల్చీ నలిగిపోయి, ఒక కాలికే చెప్పుతో. నేను ఆయన్ని చూశాను. నోరు తెరిచి నేనన్న మొదటి మాట, "ఛాతీ పట్టుకున్నారెందుకు?"

"చెమటకు దురద పెట్టింది. గోక్కున్నాను" అన్నారు.

మిగతాదంతా రూతమ్మగారి అక్క చెప్పారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. వడదెబ్బట. పక్కనే ఉన్న పాస్టరుగారి ఇంట్లోకి మోసుకొచ్చారట. మోసినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారని విని మళ్ళీ గొడవ పెట్టుకోబోయాను. నాడి చూడటానికి గాజులు తీశారు, తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే బొట్టు పోయింది, తడిసి ముద్దయిన పట్టుచీర విప్పి, సాయంత్రానికని ఆవిడ తెచ్చుకున్న రెండో తెల్లచీర నాకు చుట్టబెట్టారు.

రూతమ్మగారితో నిజం చెప్పేశాను. జాకెట్టు కాదండి, తెలుపంటే భయం అన్నాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. "మాకది పెళ్ళికూతురి రంగండి. మీకలా ఉంటుందని నాకూ తెలుసండి, తెలిసి కూడా మర్చిపోయాను. ఒక్క మాట అంటే రంగుది తెచ్చేదాన్ని కదా" అన్నారు. అవతల చర్చిలో జనరేటరు అందుకుంది, పాటలు మొదలయ్యాయి. పెళ్ళి ఇంకా ఉంది. కూతురి పెళ్ళి మధ్యలో వచ్చి నా దగ్గర కూర్చున్న ఆ తల్లిని నేనే బలవంతం చేసి పంపించాను. అక్కగారు మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు.

ఇద్దరమే మిగిలాం. మా ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. నా వైపు చూడటం లేదు. గాజులు ఆయన గుప్పిట్లో ఉన్నాయి, ఎప్పుడు తీసుకున్నారో.

"నేను పోతే నువ్వేం కట్టుకోవాల్నో, గాజులు ఎప్పుడు తియ్యాల్నో అందరికీ తెలుసు" అన్నారు. "నువ్వు పోతే నేనేం తియ్యాల? ఏం కట్టుకోవాల? ఆ వసారాలో కూర్చోని ఎంత ఆలోచించినా నాకు తెలియలేదే."

ఇన్ని నెలల్లో ఆయన కూడా భయపడుతూ ఉంటారని నాకు ఒక్కసారీ తోచలేదు. ఆయన గొంతు అలా వణకడం పెళ్ళయ్యాక నేను వినలేదు. మంచం మీద కొంచెం పక్కకు జరిగాను. ఆయన వచ్చి కూర్చున్నారు. ఆ తెల్లచీర కొంగుతోనే ఆయన మొహం తుడిచాను.